గోళీ పని గోళీది, ధ్యానం పని ధ్యానానిది: నా అనుభవం

ఆందోళన జబ్బుకు మందులు వాడాలా, ధ్యానం చేస్తే సరిపోతుందా అని అడిగేవాళ్లు మన దగ్గర చాలామంది. ఇరవై నెలల్లో నేను రెండూ చేశాను. మొదట ఆందోళన, డిప్రెషన్‌లకు వాడే ఎస్సిటాలోప్రామ్ గోళీ, దానికి తోడుగా ఎనిమిది వారాల ఎంబీఎస్ఆర్ (మైండ్‌ఫుల్‌నెస్ బేస్డ్ స్ట్రెస్ రిడక్షన్) ధ్యాన తరగతులు, చివర గోళీ మానే దశ. పదిహేను రోజులకోసారి నోట్‌బుక్కులో ఆందోళన స్కోరు వేసుకుంటూ వచ్చాను కాబట్టి ఏది ఎప్పుడు పనిచేసిందో, ఎక్కడ బెడిసికొట్టిందో వివరంగా రాయగలుగుతున్నాను. ఇందులోని డోసులు నా డాక్టరు గారు నాకు రాసినవి. వయసును బట్టి, లివరును బట్టి, ఇప్పటికే వాడుతున్న మందులను బట్టి అవి మారిపోతాయి. ఈ అంకెలు చూసి ఎవరూ షాపులో కొనుక్కోవద్దు.

మొదటి ఓపీలో గోళీ కంటే ముందు పరీక్షలు రాశారు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బీ12, షుగరు, సోడియం, ఒక ఈసీజీ. గుండెదడ, చేతుల వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం థైరాయిడ్ ఎక్కువైనా వస్తాయి. రక్తం తక్కువున్నా దడ వస్తుంది. వాటిని పక్కకు తీయకుండా మనసు మందు మొదలుపెడితే నెలలు వృథా. ఈసీజీకి వేరే కారణం ఉంది. ఎస్సిటాలోప్రామ్ డోసు పెరిగేకొద్దీ గుండె విద్యుత్తులో క్యూటీ అనే వ్యవధి కాస్త పొడవవుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లకు, క్యూటీని పెంచే ఇతర మందులు వాడేవాళ్లకు ఇది ముఖ్యం.

తర్వాత రెండు ప్రశ్నపత్రాలు ఇచ్చారు. ఆందోళనను కొలిచే గ్యాడ్-7లో ఏడు ప్రశ్నలు, డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది. గత రెండు వారాల్లో ఆ ఇబ్బంది ఎన్ని రోజులుందో చూసుకుని ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 వరకు వేయాలి. గ్యాడ్-7 మొత్తం 21కి. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి తీవ్రం. పీహెచ్‌క్యూ-9 మొత్తం 27కి, అందులో తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. ఆ ప్రశ్న దగ్గర ఎవరికైనా చెయ్యి ఆగుతుంది. మొహమాటపడి సున్నా వేయొద్దు. ఆ అంకెను బట్టే మందు ఎంత తొందరగా కావాలో, ఇంట్లో ఎవరైనా తోడుండాలో డాక్టరు నిర్ణయిస్తారు. నాకు గ్యాడ్ 16, పీహెచ్‌క్యూ 11 వచ్చాయి.

ఆ రోజు అడిగిన ఇంకో ప్రశ్న అప్పట్లో నాకు సంబంధం లేనిదిగా తోచింది. గతంలో ఎప్పుడైనా కొన్ని రోజుల పాటు నిద్ర లేకపోయినా అలసట తెలియకుండా, గలగలా మాట్లాడుతూ, డబ్బు విపరీతంగా ఖర్చుపెట్టిన దశ ఉందా, ఇంట్లో ఎవరికైనా ఉండేదా అని. బైపోలార్ (మూడ్ ఒకసారి ఉన్మాదానికి, ఒకసారి కుంగుబాటుకు మారే జబ్బు) ఉన్న మనిషికి డిప్రెషన్ గోళీ ఒక్కటే ఇస్తే మూడ్ తిరగబడి ఉన్మాద దశలోకి పోయే ప్రమాదం ఉంది. అందుకే అడుగుతారు. మేనమామకో పిన్నికో అలా ఉండేదని తెలిస్తే పరువు లెక్క చూసుకోకుండా చెప్పాలి.

ఇక గోళీ. మొదటి 7 రోజులు 5 మి.గ్రా., ఎనిమిదో రోజు నుంచి 10 మి.గ్రా., పొద్దున టిఫిన్ తర్వాత. ఆందోళన ఉన్నవాళ్లకు సగం డోసుతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఈ రకం మందు మొదటి వారం, పది రోజుల్లో ఆందోళనను తగ్గించకపోగా ఒక్కోసారి పెంచుతుంది. నాకు రెండో రోజు నుంచే కడుపులో తిప్పడం, నోరు ఎండిపోవడం, ఊరికే ఆవలింతలు, కాళ్లు ఒకచోట నిలవకపోవడం. ఐదో రోజు రాత్రి మూడింటికి మెలకువ వచ్చి దడ. మందు పడలేదని చాలామంది మానేసేది సరిగ్గా ఇక్కడే. ముందుగా చెప్పి ఉంచితే ఈ పది రోజులు గడుస్తాయి, చెప్పకపోతే గడవవు. ఖాళీ కడుపున వేసుకోకపోవడం, మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ మానేయడం నాకు బాగా పనికొచ్చాయి. 25 ఏళ్ల లోపు వాళ్ల విషయంలో మాత్రం ఈ మొదటి వారాల్లో ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. ఆ వయసువారిలో కొందరికి ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికా ఔషధ సంస్థ 2004లో పిల్లలు, టీనేజీ వారి గురించి ఈ రకం మందుల సమాచార పత్రంలో హెచ్చరిక పెట్టించింది, 2007లో దాన్ని 24 ఏళ్ల దాకా పొడిగించింది.

ఆ పది రోజులు దాటించడానికి రాత్రిపూట క్లోనాజెపామ్ 0.25 మి.గ్రా. రాశారు. పది రోజులు రోజూ, తర్వాత ఒక వారం రోజు విడిచి రోజు, అంతటితో ఆపు. ఈ మందు అరగంట, గంటలో పనిచేస్తుంది. దాని ప్రమాదమూ అందులోనే ఉంది. అంత తొందరగా హాయినిచ్చేదాన్ని మనసు మళ్లీ మళ్లీ అడుగుతుంది, కొన్ని వారాలు వరుసగా వాడితే శరీరం దానికి అలవాటు పడిపోతుంది. "మనసు మందులు అలవాటు పడతాయట" అని ఇంట్లో పెద్దలు అనే మాట ఈ జాతి మందుల విషయంలో నిజం. ఎస్సిటాలోప్రామ్ కోసం ఎవరూ తహతహలాడరు, డోసు పెంచుకుంటూ పోవాలనిపించదు. ఒక్కసారిగా మానేస్తే మాత్రం శరీరం ఎదురు తిరుగుతుంది. రెండూ వేర్వేరు సంగతులు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, చీటీ చేతిలో ఉన్నవాళ్లు ఇప్పుడే స్ట్రిప్పు తిప్పి చూసుకోవాలి. మన దేశంలో ఎస్సిటాలోప్రామ్, క్లోనాజెపామ్ రెండూ కలిపిన గోళీలు విరివిగా అమ్ముతారు. ఎక్కువగా పేరు చివర "ప్లస్" అని ఉంటుంది. నెలల తరబడి వాడాల్సిన మందూ, రెండు మూడు వారాల్లో ఆపాల్సిన మందూ ఒకే బిళ్లలో ఉంటే ఒకదాన్ని ఉంచి ఇంకోదాన్ని ఆపడం కుదరదు. ఏడాది తర్వాత ఆ ఒక్క బిళ్లను ఆపబోతే రెండింటి ఉపసంహరణా (మందు తగ్గించినప్పుడో, మానినప్పుడో శరీరం పడే ఇబ్బంది) ఒకేసారి మీద పడుతుంది. కలిపిన గోళీ రాసి ఉంటే విడివిడిగా ఇవ్వడానికి వీలుందా అని అడగండి. అడగడం తప్పు కాదు.

ఒంటి నొప్పులకు వేసుకునే డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్‌లతో ఎస్సిటాలోప్రామ్ కలిస్తే కడుపులో రక్తస్రావం అవకాశం పెరుగుతుంది. ట్రమడాల్ ఉన్న నొప్పి గోళీలు, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు సిరప్పులు కలిస్తే సెరటోనిన్ అనే మెదడు రసాయనం మోతాదు మించిపోయే ప్రమాదం ఉంది. చలి లేకుండా వణుకు, జ్వరం, విరేచనాలు, గాభరా కలిసి వస్తే ఆసుపత్రికి వెళ్లాలి. అరవై దాటినవారికి, ముఖ్యంగా బీపీకి మూత్రం ఎక్కువ చేసే గోళీ కూడా వాడేవాళ్లకు, రక్తంలో సోడియం పడిపోవచ్చు. తికమక, మత్తు, తూలడం కనిపిస్తే "వయసు మీద పడింది" అని వదిలేయకుండా సోడియం చూపించాలి. లైంగిక ఇబ్బంది సంగతి మన ఓపీల్లో డాక్టరూ ఎత్తరు, మనిషీ చెప్పరు. కోరిక తగ్గడం, తృప్తి బాగా ఆలస్యం కావడం ఈ రకం మందులతో చాలామందికి జరుగుతుంది. నాకూ జరిగింది. దంపతుల మధ్య అపార్థాలు వచ్చి మందు చాటుగా మానేసే వాళ్లుంటారు. చెబితే డోసు తగ్గించడమో, మందు మార్చడమో దారులున్నాయి.

మందు "పట్టింది" అని తెలియడం ఒక రోజులో జరగదు. నోట్‌బుక్కు ప్రకారం రెండో వారం చివర గ్యాడ్ 15. నాలుగో వారం 11. ఆరో వారం 8. ముందు నిద్ర కుదురుకుంది, తర్వాత దడ తగ్గింది, అన్నిటికంటే చివర ఆలోచనలు సుడి తిరగడం తగ్గింది. 8 దగ్గర మాత్రం స్కోరు ఆగిపోయింది. దడ లేకపోయినా లిఫ్టు ఎక్కడం మానేసే ఉన్నాను, రద్దీ బస్సు వదిలేసి ఆటో ఎక్కుతూనే ఉన్నాను. భయం గొంతు తగ్గింది కానీ భయపడి తప్పుకునే అలవాటు అలాగే ఉంది. అలవాటును గోళీ మార్చదు. అక్కడ ధ్యానం మొదలైంది.

ధ్యానం అంటే మనవాళ్లు వంద రకాలు చెబుతారు. జపం, పిరమిడ్ కేంద్రాల్లో చెప్పే శ్వాస మీద ధ్యాస, విపశ్యన, ఫోనులో పది నిమిషాల ఆడియో, అన్నీ ఆ మాట కిందికే వస్తాయి. వైద్య పరిశోధనల్లో ఎక్కువగా పరీక్షకు నిలిచింది ఎంబీఎస్ఆర్ అనే పద్ధతి. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ మొదలుపెట్టారు. బౌద్ధ ధ్యానం, హఠయోగం నుంచి తీసుకున్న సాధనలే, మతం పక్కన పెట్టి తరగతిగా మలిచారు. ఎనిమిది వారాలు, వారానికి ఒక తరగతి, ఒక్కోటి రెండున్నర గంటలు. మధ్యలో ఒక రోజంతా మౌనంగా సాధన. ఇంటి దగ్గర రోజూ 45 నిమిషాలు. లెక్క కడితే ఎనిమిది వారాల్లో అరవై గంటలకు పైనే. ధ్యానం చేశాను, పనిచేయలేదు అనేవాళ్లు ముందు ఈ లెక్క చూసుకోవాలి. 500 మి.గ్రా. మందు రాస్తే 50 మి.గ్రా. వేసుకుని మందును తప్పుపట్టలేం కదా.

మొదటి రెండు వారాలు బాడీ స్కాన్. చాప మీద వెల్లకిలా పడుకుని ఎడమ కాలి వేళ్ల దగ్గర మొదలుపెట్టి, పాదం, మడమ, పిక్క, మోకాలు, తొడ, తర్వాత కుడి కాలు, నడుము, పొట్ట, వీపు, చేతులు, మెడ, ముఖం దాకా ఒక్కో చోట కాసేపు ధ్యాస నిలుపుతూ వెళ్లాలి. అక్కడ ఏదో అనుభూతి కలగాలనే పట్టింపు లేదు. ఎడమ బొటనవేలి దగ్గర నాకు వారం రోజుల పాటు ఏమీ తెలియలేదు. ఎనిమిదో రోజు గోరు అంచున చాప ఈనె ఒరుసుకుంటున్న గరుకు తెలిసింది. అంతే, అంతకంటే గొప్పదేమీ జరగలేదు. అయినా ఆ సాధన పనికొచ్చేది ఆ చిన్న చోటే: రేపటి గురించి పరుగెత్తే మనసును ఇప్పుడు తగులుతున్న ఒక ఈనె దగ్గరికి తేవడం, జారిపోతే తిట్టుకోకుండా మళ్లీ తేవడం. రాత్రి భోజనం తర్వాత చేస్తే నిద్ర ముంచుకొస్తుంది. పొద్దున్నే, మోకాళ్ల కింద మడిచిన దుప్పటి పెట్టుకుని చేస్తే నడుం పట్టేయదు, నిద్రా రాదు.

మూడో వారం నుంచి నెమ్మది యోగాసనాలు, కూర్చుని శ్వాస గమనించడం. నాకు ఇక్కడే బెడిసింది. ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే భయం దాడులు (పానిక్ అటాక్‌లు) ఉన్నవాళ్లలో చాలామంది ధ్యానం వదిలేసేది ఇక్కడే.

శ్వాస మీద ధ్యాస పెట్టగానే శ్వాస సరిగా ఆడటం లేదేమో అనిపించింది. అనిపించగానే తెలియకుండానే లోతుగా, తొందరగా పీల్చాను. అలా ఎక్కువ గాలి ఆడితే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. తగ్గితే వేళ్ల చివర్లు, పెదాల చుట్టూ తిమ్మిరి, తల తేలిపోవడం, ఛాతీ బిగుసుకోవడం. ఆ లక్షణాలు చూసి "వచ్చేసింది" అని భయం, భయానికి ఇంకా తొందరగా శ్వాస. నాలుగు నిమిషాల్లో పూర్తి దాడి. టీచరు గారు ఆ వారం నుంచి నాకు శ్వాస మీద ధ్యాస పెట్టడం మాన్పించారు. కళ్లు సగం తెరిచి, కుర్చీలో కూర్చుని, అరికాళ్లు నేలకు తగిలే చోట ధ్యాస. అది కుదిరాక బయటి శబ్దాలు: ఫ్యాను, వీధిలో కుక్కరు విజిల్, బైకు. మూడు వారాల తర్వాతే మళ్లీ శ్వాస, అదీ ముక్కు కొన దగ్గర కాదు, పొట్ట కదలిక దగ్గర, పీల్చడం కంటే వదలడం కాస్త పొడవుగా, పెద్దగా పీల్చే ప్రయత్నం లేకుండా. భయం దాడులున్నవాళ్లకు కపాలభాతి, భస్త్రిక లాంటి వేగపు శ్వాసలు ఆ రోజుల్లో అస్సలు పనికిరావు. ఇదే తిమ్మిరిని అవి చేజేతులా తెచ్చిపెడతాయి.

ఐదో వారం దాటాక సాధనను లిఫ్టు దగ్గరికి తీసుకెళ్లాను. మొదటి రోజు తలుపు తెరిచి ఉండగా లోపల నిలబడి అరికాళ్ల మీద ధ్యాస. తర్వాత ఒక అంతస్తు. తర్వాత మూడు. దడ వచ్చినప్పుడు అది ఎక్కడ మొదలవుతోంది, ఎంతసేపు ఉంటోంది అని గమనించడం, బయటికి పరుగెత్తకుండా ఉండటం. దాడి దానంతట అది పెరిగి, నిమిషాల్లో దానంతట అదే దిగిపోతుందని ఎవరు చెప్పినా నమ్మలేదు, నిలబడి చూశాకే నమ్మాను. ఎనిమిదో వారం చివర గ్యాడ్ 5.

అయితే నేను ఆ లిఫ్టులో నిలబడగలిగింది గోళీ దడను అప్పటికే సగం చేసినందువల్లే అని కూడా చెప్పాలి. గ్యాడ్ 16 రోజుల్లో 45 నిమిషాలు కూర్చోమంటే కూర్చోగలిగేవాణ్ని కాదు. తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్న మనిషిని ధ్యానం చేయమని పోరడం ఇంకా అన్యాయం. పొద్దున లేచి పళ్లు తోముకోవడమే కొండంత పని అయిన రోజుల్లో ధ్యాస నిలపమంటే, అదీ చేతకాలేదన్న అపరాధభావం ఒకటి అదనంగా మిగులుతుంది.

రెండింటినీ ముఖాముఖి పోల్చిన పరీక్ష ఒకటి ఉంది. 2022లో జామా సైకియాట్రీ పత్రికలో వచ్చింది. బోస్టన్, న్యూయార్క్, వాషింగ్టన్ నగరాల్లో ఆందోళన జబ్బులున్న 276 మందిని చీటీ తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు 10 నుంచి 20 మి.గ్రా. ఎస్సిటాలోప్రామ్, ఇంకో గుంపుకు ఎనిమిది వారాల ఎంబీఎస్ఆర్. ఎవరు ఏ గుంపో తెలియని నిపుణులు 7 పాయింట్ల తీవ్రత కొలతతో చూశారు. ధ్యానం గుంపులో సగటున 1.35, మందు గుంపులో 1.43 పాయింట్లు తగ్గాయి. అంటే మందు కంటే ధ్యానం తక్కువ కాదని తేలింది. దుష్ప్రభావాలు చెప్పినవాళ్లు మందు గుంపులో 78 శాతం పైగా, ధ్యానం గుంపులో 15 శాతం.

ఈ వార్త మన వాట్సాప్ గుంపుల్లో "ధ్యానం ముందు మందు దండగ" అన్నట్టు తిరగడం బాధ కలిగించింది. ఆ పరీక్షలో ఉన్నవాళ్లు ఏ గుంపులో పడ్డా సరేనని ఒప్పుకుని వచ్చినవాళ్లు. బైపోలార్, సైకోసిస్ (ఏది నిజమో ఏది భ్రమో తెలియని స్థితి) ఉన్నవాళ్లు, ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లు అందులో లేరు. ధ్యానం చెప్పింది శిక్షణ పొందిన టీచర్లు, అదీ వారం వారం ఎదురుగా కూర్చోబెట్టి. చూసింది ఆందోళన జబ్బులను, అన్ని మనసు జబ్బులనూ కాదు. ఇప్పటికే మందు వాడుతున్న మనిషి దాన్ని ఆపేసి ధ్యానానికి మారితే ఏమవుతుందనే ప్రశ్న ఆ పరీక్ష అడగనే లేదు. ఆ ప్రశ్నకు దగ్గరగా వచ్చింది 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనం. డిప్రెషన్ మళ్లీ మళ్లీ వచ్చి, అప్పటికి కోలుకుని ఉన్న 424 మందిలో కొందరికి ఎంబీసీటీ అనే ధ్యాన చికిత్స ఇస్తూ మందు నెమ్మదిగా తగ్గించారు, మిగిలినవారికి మందు కొనసాగించారు. రెండేళ్లలో జబ్బు తిరగబెట్టింది మొదటివారిలో 44 శాతానికి, రెండోవారిలో 47 శాతానికి. ఇంచుమించు సమానం. "నెమ్మదిగా తగ్గించారు", "కోలుకుని ఉన్నవాళ్లు" అన్న రెండు మాటలు తీసేస్తే ఆ ఫలితానికి అర్థం లేదు.

స్కిజోఫ్రీనియా, బైపోలార్ ఉన్న ఇళ్లలో ఈ సంగతి ప్రాణం మీదికి వస్తుంది. బైపోలార్‌కు లిథియం అనే మందు వాడే మనిషి బాగున్నాడంటే లిథియం పనిచేస్తోందని అర్థం. ఆపితే ఉన్మాద దశ మళ్లీ రావడానికి ఎంతో కాలం పట్టదు. వాడుతూ కూడా ఉపవాసాలు చేసి, నీళ్లు తగ్గిస్తే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, మాట తడబడటం దాని గుర్తులు. దీక్షలు, ధ్యాన శిబిరాలకు వెళ్లేముందు డాక్టరుతో చెప్పి తీరాలి.

పదిరోజుల విపశ్యన శిబిరాల గురించి అడుగుతారు. హైదరాబాదులో నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త, నాగార్జునసాగర్ దగ్గర ధమ్మ నాగజ్జున ఉన్నాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, రోజుకు పది గంటల దాకా ధ్యానం, తొమ్మిది రోజుల పైగా మౌనం. దరఖాస్తు ఫారంలోనే మనసు జబ్బు ఉందా, మందులు వాడుతున్నారా అని అడుగుతారు. తీవ్రమైన మానసిక సమస్యలున్నవారికి ఈ శిబిరం తగదని వాళ్లే చెబుతారు. చోటు దొరకదేమోనని ఆ గడి దగ్గర "లేదు" అని రాసేవాళ్లున్నారు. అది తమకు తాము చేసుకునే హాని. ధ్యానానికీ దుష్ప్రభావాలుంటాయి. 2020లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన సమీక్ష ధ్యానం చేసేవారిలో సుమారు 8 శాతానికి ఆందోళన, కుంగుబాటు, తన ఒళ్లు తనది కాదన్నట్టు అనిపించడం లాంటివి కలిగినట్టు లెక్కగట్టింది. నిద్ర తగ్గిపోతూ, ప్రత్యేక సందేశాలు వస్తున్నట్టు అనిపిస్తే అది సాధనలో మెట్టు అని ఎవరు చెప్పినా సాధన ఆపి డాక్టరును కలవాలి.

ఇప్పుడు మానడం. స్కోరు 5 దిగువన ఏడాది నిలిచాక డాక్టరు గారే ఎత్తారు. మొదటి సారి తగ్గించబోతే పని ఒత్తిడి ఎక్కువున్న నెల అని వాయిదా వేశారు. పెళ్లి, పరీక్షలు, ఇల్లు మారడం, ఇంట్లో చావు లాంటివి ఉన్నప్పుడు మొదలుపెట్టకూడదు. 10 నుంచి 7.5 మి.గ్రా.కి, నాలుగు వారాలు. తర్వాత 5, నాలుగు వారాలు ఉండమన్నారు. ఇంతవరకు ఏమీ తెలియలేదు. ఆ ధైర్యంతో 5 నుంచి 2.5కి దిగాను, చెప్పిన గడువు కంటే రెండు వారాలు ముందే. మూడో రోజు నుంచి కళ్లు పక్కకు తిప్పినప్పుడల్లా తలలో చిన్న కరెంటు కొట్టినట్టు జల్లుమనడం, తల తిరగడం, ఊరికే కళ్లలో నీళ్లు, చిరాకు. రెండు వారాలు చూసి, డాక్టరు గారితో మాట్లాడి, మళ్లీ 5కి వెళ్లాను. రెండో రోజుకే తగ్గిపోయింది.

చివరి కొద్ది మిల్లీగ్రాములే కష్టమెందుకో తెలిస్తే తొందరపడం. మందు మెదడులో సెరటోనిన్‌ను వెనక్కి లాగే ద్వారాలను మూస్తుంది. డోసు పెంచేకొద్దీ మూసే ద్వారాలు అదే లెక్కన పెరగవు. మొదటి కొద్ది మిల్లీగ్రాములే ఎక్కువ భాగం మూసేస్తాయి, పైన వేసేది కొద్దిగానే కలుపుతుంది. 5 మి.గ్రా. దగ్గర కూడా సగానికి పైగా మూసే ఉంటాయి. కాబట్టి 10 నుంచి 5కి దిగడం చిన్న మెట్టు, 5 నుంచి సున్నాకు దిగడం గోడ దూకడం. ఆ చివరి భాగాన్ని చిన్న చిన్న మెట్లుగా కోయాలి. రెండోసారి 5 నుంచి 3.75, 2.5, 1.25, ఒక్కో దాని దగ్గర నాలుగు వారాలు. 5 మి.గ్రా. బిళ్లను పది పన్నెండు రోజులకు సరిపడా ఒకేసారి పిల్ కట్టర్‌తో కోసుకునేవాణ్ని. బ్లేడుతో కోస్తే పొడి రాలి ముక్కలు సమంగా రావు. పొడి అయిన ముక్కలు పక్కన పెట్టి వాడలేదు. ఎక్స్‌ఆర్, ఎస్‌ఆర్, సీఆర్ అని రాసి ఉన్న గోళీలను ఇలా కోయకూడదు, నెమ్మదిగా విడుదలయ్యే పూత పోయి మందంతా ఒకేసారి దిగుతుంది.

రోజు విడిచి రోజు వేసుకుని తగ్గించమనే సలహా చాలా చోట్ల వింటాం. ఎస్సిటాలోప్రామ్ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 30 గంటలు. 48 గంటలకోసారి వేసుకుంటే మట్టం ఎగుడుదిగుడు అవుతూ ప్రతి రెండో రోజూ చిన్న ఉపసంహరణ జరుగుతూ ఉంటుంది. డోసు తగ్గించి రోజూ వేసుకోవడమే మేలు.

ఉపసంహరణా, జబ్బు తిరగబెట్టడమా అని పోల్చుకోవడం వస్తే సగం భయం పోతుంది. తగ్గించిన కొద్ది రోజుల్లోనే వచ్చి, ఇంతకుముందు ఎన్నడూ లేని కరెంటు జల్లు, తల తిరగడం లాంటివి ఉండి, పాత డోసు వేసుకోగానే రెండు మూడు రోజుల్లో పోతే ఉపసంహరణ. వారాలు, నెలల తర్వాత మెల్లగా, పాత భయాలే పాత రూపంలో వస్తే జబ్బు. ఎంబీఎస్ఆర్ నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఈ నెలల్లోనే. జల్లుమన్నప్పుడు అది ఎక్కడ తగిలింది, ఎన్ని సెకన్లుంది అని చూసి నోట్‌బుక్కులో గీత గీసేవాణ్ని. రెండో దశలో 2.5 దగ్గర మొదటి వారం రోజుకు పదకొండు, పన్నెండు గీతలు. నాలుగో వారం రెండు. గీతలు తగ్గుతున్నాయని కంటికి కనిపిస్తుంటే, మందు మళ్లీ మొదలుపెట్టేద్దామన్న ఆత్రం ఆగింది. ధ్యానం జల్లును ఆపలేదు. జల్లు చూసి "అయిపోయింది నా పని" అనుకోకుండా ఆపింది.

ఎక్కడికి వెళ్లాలో తెలియనివాళ్ల కోసం: ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. హైదరాబాదు ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. కదలలేని స్థితిలో టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. ఎస్సిటాలోప్రామ్ జనరిక్‌గా తక్కువ ధరకే దొరుకుతుంది. ఇన్సూరెన్సు వాళ్లు శరీర జబ్బుతో సమానంగా మనసు జబ్బుకూ కవరేజీ ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. పాలసీ కాగితం ఒకసారి చదివి అడగండి. ధ్యాన టీచరును ఎంచుకునేటప్పుడు ఒకే ఒక్క ప్రశ్న వేయండి: "నేను సైకియాట్రీ మందులు వాడుతున్నాను, ఏం చేయాలి?" వాడుతూ ఉండండి, మీ డాక్టరుకు కూడా చెప్పండి అనేవాళ్ల దగ్గర కూర్చోండి. మానేసి రమ్మంటే లేచి వచ్చేయండి.

చివరి ముక్క వేసుకుని ఇప్పటికి రెండు నెలలైంది. పొద్దున 20 నిమిషాల సాధన, అందులో సగం అరికాళ్ల మీదే. నెల మొదటి ఆదివారం గ్యాడ్-7 వేస్తున్నాను, కిందటిసారి 4. వరుసగా రెండుసార్లు 10 దాటితే ఆగకుండా ఓపీకి రమ్మని డాక్టరు గారు ఆఖరి చీటీ వెనక రాసిచ్చారు. దాన్ని నోట్‌బుక్కు మొదటి పేజీకి పిన్ను కొట్టి ఉంచాను, ఇంట్లో ఇంకొకరికి కూడా చూపించాను.